కబూతర్ టోపీ ఎవరిది?

హైదరాబాదులో ఊలా?

హైదరాబాదులో ఊలు అల్లికలు నేర్పి బతికానని చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. "గీ ఎండల ఊరిల స్వెటర్ ఎవలేసుకుంటరు టీచరమ్మా?" అని ఆటో నడిపే అబ్బాయి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ అడిగారు. పెద్దవాళ్ళు వేసుకోరు, నిజమే. కానీ మే నెలలో రోడ్డు మీద తారు కరుగుతుంటే కూడా పసిబిడ్డ తలకు ఊలు టోపీ, కాళ్ళకు ఊలు మేజోళ్ళు తొడిగి, పైన దుప్పటి చుట్టి, "బిడ్డకు గాలి తాకుతది" అని తలుపులు మూసే నానమ్మలు ఈ పాతబస్తీలో గల్లీకి పదిమంది ఉన్నారు. ఆ పసిబిడ్డల చెమట మీదే నా వృత్తి నడిచింది. వాళ్ళు పెద్దయి నన్ను క్షమిస్తారని ఆశ.

నాన్న ఫలక్‌నుమాలో రైల్వే ఫిట్టరు. అమ్మ చర్చిలో అమ్మాయిలకు అల్లికలు నేర్పేది. ఆ సూదులే నాకు అన్నం పెట్టాయి. ఒక ట్రస్టు నడిపే మహిళా శిక్షణ కేంద్రంలో అల్లికల టీచరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ట్రస్టు పేరు చెప్పను. వాళ్ళకు వకీళ్ళు ఎక్కువ, నాకు ఓపిక తక్కువ.

ఇప్పుడు మలక్‌పేటలో మా ఇంటికి అమ్మాయిలు వస్తుంటారు. సొంతంగా డిజైన్లు గీసి, ఫోన్లో పెట్టి అమ్ముకునే పిల్లలు. మంచి పని. కానీ కూర్చున్న ఐదు నిమిషాల్లో ఒకటే ఏడుపు. "టీచర్, నా డిజైన్ కాపీ కొట్టిన్రు." వీళ్ళందరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకేసారి రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఇంక్రిమెంటు వచ్చింది, ఏ మంత్రిగారి చేతుల మీదుగా శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువా పాలిస్టరుది, అదొక్కటి చెప్పి వదిలేస్తాను.

అందరూ వకీళ్ళే

మా వృత్తిలో అల్లడం రానివాళ్ళు ఉంటారు గానీ కాపీరైటు చట్టం రానివాళ్ళు ఉండరు. మలక్‌పేటలోనే ఒక బొటీక్ ఆయన నా స్వెటర్ నమూనా పుస్తకాన్ని మొత్తం జిరాక్సు తీసి, తన దుకాణం పేరు వేసి అమ్ముతుంటే వెళ్ళి అడిగాను.

"మేడం, నేను పది పర్సెంట్ మార్చిన. పది పర్సెంట్ మారిస్తే మనదే అయితది. రూల్ ఉన్నది" అన్నాడు, బల్ల గుద్ది.

"ఏం మార్చినవ్ బాబూ?"

"గుండీలు."

గుండీలు మారిస్తే డిజైన్ మారే పక్షంలో మా గల్లీ దర్జీ ఈపాటికి ప్రపంచంలోని చొక్కాలన్నిటికీ హక్కుదారు. అమ్మాయిలూ, ఈ పది శాతం రూలు ఏ చట్టంలోనూ లేదు. వెతక్కండి. అది దొంగతనం చేసినవాళ్ళు రాత్రి నిద్రపట్టడానికి చెప్పుకునే జోలపాట.

ఇంకో అమ్మాయి, చాలా తెలివైనది, తన డిజైన్‌ను కవర్లో పెట్టి తన పేరుకే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుంది. తెరవకుండా దాస్తే కోర్టులో రుజువవుతుందని ఎవరో చెప్పారట. కవరు బీరువాలో పదిలంగా ఉంది. డిజైన్ మాత్రం ఊరంతా తిరుగుతోంది. రిజిస్ట్రేషన్ చేసుకోవాలంటే దానికి సర్కారు వారి కార్యాలయం ఉంది, పోస్టుమ్యాన్ కాదు. అదైనా తప్పనిసరి కాదు. మీరు గీసిన క్షణం నుంచే హక్కు మీది. రుజువు చేయాల్సి వచ్చినప్పుడు ఆ కాగితం అక్కరకొస్తుంది, అంతే.

ఇక మా శిష్యురాళ్ళ కోపాలు. ఒకరోజు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పక్కన ఒకామె నా నమూనా చూసి అల్లిన స్వెటర్లు అమ్ముతోందట. "చలో టీచర్, లొల్లి చేద్దాం" అన్నారు. నేను కదల్లేదు. ఆమె నా పుస్తకం కొనుక్కుంది. అందులో చెప్పినట్టు అల్లింది. తన చేతుల కష్టం తను అమ్ముకుంటోంది. నాకేం నొప్పి? "అమ్మకానికి అల్లరాదు" అని పుస్తకం వెనక ఎంత లావు అక్షరాలతో వేసుకున్నా, అది చాలామటుకు మన మనశ్శాంతి కోసమే.

అసలు సంగతి చిన్నది. సీదా కుట్టు, ఉల్టా కుట్టు, చిల్లుల జాలీ అల్లిక, ఇవి ఎవరి అబ్బ సొత్తూ కాదు. ఉత్త ఆలోచన కూడా ఎవరి సొత్తూ కాదు. టోపీ మీద పక్షి ఉండాలన్న ఊహ మీకొస్తే రేపు నాకూ రావచ్చు. కానీ ఆ పక్షిని మీరు గళ్ళ కాగితం మీద గీసిన చార్టు, మీ మాటల్లో రాసిన సూచనలు, మీరు తీసిన ఫోటో, ఇవి మీవి. టోపీని చూసి ఎవరైనా సొంతంగా తల బద్దలు కొట్టుకుని అల్లుకుంటే పెద్దగా చేయగలిగేదేమీ లేదు. మీ కాగితాన్ని ఎత్తుకుపోతే చేయొచ్చు. మిల్లుల్లో వేలకొద్దీ తీసే డిజైన్లకు వేరే చట్టముంది. దాని జోలికి నేను పోను, అది తెలిసినవాళ్ళను అడగండి.

యాదగిరి అన్న అచ్చేసిన హక్కులు

నా మొదటి పుస్తకం, ఇంటి దగ్గర సొంతంగా గీసుకున్న స్వెటర్ల నమూనాలది, ఛత్తా బజార్‌లో అచ్చయింది. అక్కడ పెళ్ళి కార్డులు వేసే ప్రెస్సులు వరసగా ఉంటాయి. యాదగిరి అన్న నాకు వాళ్ళందరిలో నచ్చాడు, ఎందుకంటే ఆయన ఒక్కడే నేను చెప్పింది విన్నట్టు తల ఊపాడు. పుస్తకం చేతికొచ్చాక చూస్తే మొదటి పేజీ పైన వినాయకుడు, కింద "మీ రాకయే మాకు మహదానందం". చివరి పేజీలో "సర్వహక్కులు ముద్రాపకులవి".

"ఏందన్నా గిది? హక్కులన్నీ నీకు రాసిచ్చిన్నా నేను?"

"అరె అక్కా, గది ఊకె పెడ్తం. చూడనీకి మంచిగుంటది."

"వినాయకుడు?"

"ఆయన కూడ ఊకెనే. విఘ్నాలు రావద్దని."

నేను ఆదివారం చర్చికి పోయేదాన్నని ఆయనకు బాగా తెలుసు. వినాయకుణ్ణి ఉంచేశాను, ఆయన వల్ల నాకెప్పుడూ నష్టం జరగలేదు. హక్కుల వాక్యం మాత్రం దగ్గర కూర్చుని ప్రతి కాపీ మీదా నల్లసిరాతో కొట్టించాను. యాదగిరి అన్న నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పుస్తకం అచ్చయ్యే ముందు ఆ చివరి పేజీ చదవండి. చాలామంది అట్ట రంగు గురించి మూడు రోజులు కొట్టుకుని ఆ పేజీని చూడనే చూడరు.

సెక్రటరీ గారు, మేడం గారు

మా ట్రస్టు సెక్రటరీ గారు ఇంకేదో పెద్ద శాఖలో రిటైరై, ఇంట్లోవాళ్ళు భరించలేక మా మీదికి పంపినవారు. ఆయన సంతకం చాలా అందంగా ఉండేది. పని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఆయన శ్రీమతిని మేం మేడం గారు అనేవాళ్ళం. మేడం గారికి కళలంటే ప్రాణం. సూది పట్టుకోవడం రాదు, అది వేరే విషయం. క్లాసుకొచ్చి, అమ్మాయిల చేతుల్లోంచి సగం అల్లిన ముక్కలు లాక్కుని, వెలుతురుకు పెట్టి చూసి, "ఇందులో ఒక ఫీల్ మిస్సయిందమ్మా" అనేవారు. తిరిగిచ్చేటప్పటికి సూది మీద నాలుగు కుట్లు జారిపోయి ఉండేవి. మిస్సయిన ఫీల్ అదే కాబోలు.

ఈ ఇద్దరి గురించీ ఎందుకు చెప్పానంటే, నా వృత్తి జీవితంలో నాకు చట్టం నేర్పిన గురువులు వీళ్ళే. పాఠం నేను రిటైరైన ఏడాదికి జరిగింది.

నస్రీన్ టోపీ

నస్రీన్‌ది ఫలక్‌నుమా. మా కేంద్రంలో నేర్చుకుని, తర్వాత అక్కడినుంచే ఊలు తీసుకెళ్ళి ఇంట్లో అల్లి ఇచ్చేది. ఎన్ని ముక్కలిస్తే అంత కూలీ. నెల జీతం లేదు, హాజరు పట్టీ లేదు, సెలవు లేదు. నేను చూసిన శిష్యురాళ్ళలో చేతివేగం ఉన్నవాళ్ళు చాలామంది. బొమ్మ గీసే చెయ్యి ఈమె ఒక్కదానిదే. మేడ మీద వాళ్ళ మామగారు పావురాలు పెంచేవాడు. వాటిని చూసి గళ్ళ కాగితం మీద ఒక పసిపిల్లల టోపీ గీసింది. టోపీ చుట్టూ బూడిదరంగు పావురాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. ఒక్కటి మాత్రం వంగి గింజ ఏరుకుంటుంది. కబూతర్ టోపీ అని పేరు పెట్టింది. అది చూసినప్పుడు నాకు అసూయ కలిగింది. నా జన్మలో అంత బాగా గీయలేదు.

నేను రిటైరయ్యే ముందు ఆ చార్టును క్లాసులో నేర్పడానికి అడిగితే ఇచ్చింది. ఆఫీసులో జిరాక్సు తీశారు. నమూనాకని ఒక టోపీ కూడా అల్లి ఇచ్చింది.

కొంతకాలానికి నస్రీన్ సొంతంగా అడుగేసింది. ఇంట్లోనే గల్లీ అమ్మాయిలకు నేర్పడం మొదలుపెట్టింది. కబూతర్ టోపీతో మొదలుపెట్టి తన డిజైన్లన్నీ ఒక చిన్న పుస్తకంగా వేయడానికి నేనే యాదగిరి అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. నా రెండో పుస్తకం కూడా అప్పుడు అక్కడే ఉంది. కేంద్రంలో ఇన్నేళ్ళూ క్లాసుల కోసం గీసిన చార్టులన్నీ ఒకచోట చేర్చి, రిటైరయ్యాక తీరిగ్గా వేసుకోవాలని నా కోరిక. గురుశిష్యుల పుస్తకాలు పక్కపక్కన అచ్చవుతాయని యాదగిరి అన్న మా ఇద్దరికీ చాయ్ పోయించాడు.

ఆ వారమే నస్రీన్ మా ఇంటికొచ్చింది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి కాగితం చాపింది. ట్రస్టు వారి వకీలు నోటీసు. కబూతర్ టోపీ మేడం గారి సృష్టి అట. ట్రస్టు ప్రచురించిన మేడం గారి పుస్తకంలో ఉందట. నస్రీన్ దాన్ని దొంగిలించిందట. పుస్తకం ఆపకపోతే కేసు.

"మై చోర్ హూం క్యా టీచర్? నేనే గీసిన గదా. మీరు చూసిన్రు గదా" అంది. "పోస్టుమ్యాన్ అందర్ల ముందట ఇచ్చిండు. ఇంగ్లిష్ చదువొచ్చినామె ఒకామె గట్టిగ చదివి చెప్పింది. నిన్నటి సంది పిల్లలెవరూ నేర్చుకోనీకి వస్తలేరు. చోరీ మాల్ నేర్పుతదంట అని వాళ్ళ అమ్మలు పంపుతలేరు."

"ఉల్టా చోర్ కొత్వాల్ కో డాంటే" అని మా దగ్గరో మాటుంది. దొంగే కొత్వాలును గద్దించాడట. ఆ మాట ఇంత అచ్చంగా ఎదురుగా వచ్చి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఒళ్ళు మండిపోయింది. నస్రీన్‌ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మేడం గారి పుస్తకం తెప్పించాను.

పుస్తకం నిగనిగలాడుతోంది. అట్ట మీద కబూతర్ టోపీ ఫోటో. నస్రీన్ నమూనాకిచ్చిన టోపీయే. లోపల మేడం గారు చీర కొంగు సర్దుకుంటున్న ఫోటో, పక్కన "నా అంతరంగంలో ఎగిరిన పావురాలు" అని ముందుమాట. అందులో ఎగరడం ఒక్కటే తప్పు, అవి నడుస్తున్నాయి. సూచనలు చార్టుగా కాక మాటల్లో ఉన్నాయి. మొదటి వరస, ఇన్ని తెలుపు, ఇన్ని బూడిద. రెండో వరస, ఇన్ని తెలుపు, ఇన్ని బూడిద. నస్రీన్ వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ చదివి ముఖం చిట్లించింది.

"టీచర్, గిదేంది? నా గళ్ళే గివి. గని ఉల్టా ఉన్నయ్."

ఇక్కడ చిన్న పాఠం చెప్పాలి. టోపీని గుండ్రంగా అల్లుతాం. సూది మీద పని కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కాబట్టి చార్టును కూడా ప్రతి వరసా కుడి నుంచి ఎడమకే చదవాలి. ఉర్దూ చదివిన అమ్మాయిలకు ఈ ముక్క చెప్పనే అక్కర్లేదు, వాళ్ళ కళ్ళు అలాగే నడుస్తాయి. తెలుగు, ఇంగ్లీషు బళ్ళలో చదివినవాళ్ళకు చెప్పీ చెప్పీ నాకు ప్రతి ఏడూ గొంతు బొంగురుపోయేది. నస్రీన్ తన చార్టు మీద బాణం గుర్తు పెట్టలేదు. కుడి నుంచి కాక ఇంకెక్కణ్ణుంచి చదువుతారని ఆమె అనుకుంది.

ట్రస్టు ఆఫీసులో టైపిస్టు మంచి తెలుగు చదువుకున్నవాడు. జిరాక్సు ముందు పెట్టుకుని, ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్క గడి వదలకుండా శ్రద్ధగా టైపు చేశాడు. దాంతో పావురాలన్నీ వెనక్కి తిరిగాయి. అట్ట మీది టోపీలో కుడివైపు చూస్తున్న పావురాలు, లోపలి సూచనల ప్రకారం అల్లితే ఎడమవైపు చూస్తాయి. పుస్తకం తీసినవాళ్ళలో ఒక్కరైనా ఒక్క టోపీ అల్లి చూసుకుని ఉంటే తెలిసేది. ఆ పని ఎవరూ చేయలేదు.

నస్రీన్‌కు నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ సాయంత్రమే మేడం గారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక టోపీ నస్రీన్ చేత మొదలుపెట్టించాను.

సెక్రటరీ గారి గదిలో

కోర్టుకు పోయే ముందు మాట్లాడుకుందాం అని నేనే ఫోన్ చేశాను. సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. ఆయన గదిలో మేడం గారు, వాళ్ళ కుర్ర వకీలు, నేను, నస్రీన్. వకీలు మర్యాదస్తుడు. నాకు కుర్చీ జరిపింది అతనొక్కడే.

"టీచర్ గారూ, మీరు పెద్దవారు. ఈ అమ్మాయికి నచ్చజెప్పండి" అన్నారు సెక్రటరీ గారు. "టోపీ ఎవరు అల్లినా, మేడం గారు కేంద్రంలో దాన్ని చూసి స్వయంగా, కష్టపడి రాసుకున్న నమూనా ఇది. చూసి రాసుకోవడం తప్పు కాదని మా లాయర్ గారే చెప్పారు."

వకీలు తలూపాడు. ఆ ముక్క నిజమే. టోపీని చూసి సొంతంగా రాసుకుంటే నస్రీన్ ఏమీ చేయలేదు.

"సంతోషం సార్" అన్నాను. సంచిలోంచి రెండు టోపీలు తీసి బల్ల మీద పెట్టాను. "గిది నస్రీన్ చార్టుతోని అల్లింది. గిది మేడం పుస్తకం సూచనలతోని అల్లింది. ఇగ మేడం పుస్తకం అట్ట చూడున్రి."

ముగ్గురూ చూశారు. వకీలుకు ముందు అర్థమైంది. అతను కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మేడం టోపీని చూసి రాసుకుంటే సార్, కబూతర్ గా టోపీల ఎటు చూస్తదో గటే చూస్తది. నస్రీన్ కాగితాన్ని ఎడమ దిక్కు నుంచి చదివి రాస్తెనే గిట్ల ఎనుకకు తిరుగుతది. మీరు చూసింది టోపీ కాదు. కాగితం."

"ఫోటో తిరగబడి ఉంటుంది" అన్నారు సెక్రటరీ గారు వెంటనే. "ప్రింటింగులో అలా జరుగుతుంటుంది."

"అట్ట మీద టోపీ ఎనుక గోడకు మన ట్రస్టు బోర్డున్నది సార్. పేరు సీదాగనే చదవొస్తున్నది. బోర్డు తిరగకుంట ఒక్క టోపీనే తిరిగిందా?"

మేడం గారు రెండు టోపీలూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "నాకైతే ఎడమవైపు చూసేదే బాగుంది, ఇందులో ఫీల్ ఉంది" అన్నారు. ఆమెను ఈ విషయంలో నేను గౌరవిస్తాను. ఇల్లు కాలుతున్నా ఆమె కళాదృష్టి చెదరదు.

వకీలు సెక్రటరీ గారి చెవిలో ఏదో చెప్పాడు. సెక్రటరీ గారు గొంతు సవరించుకుని ఇంకో వాదన ఎత్తుకున్నారు. "సరే. అమ్మాయే గీసిందనుకుందాం. కానీ మా కేంద్రంలో నేర్చుకుంది, మా ఊలుతో అల్లింది. కాబట్టి అది సంస్థ ఆస్తి."

నస్రీన్ నా వైపు చూసింది. వకీలు కూడా నా వైపే తిరిగాడు. ప్రశ్న మాత్రం ఎంతో మర్యాదగా అడిగాడు.

"టీచర్ గారూ, మీకు ఈ సంస్థలో చాలా అనుభవం ఉంది. ఉద్యోగంలో భాగంగా గీసిన డిజైన్ ఎవరిదవుతుందో మీకు తెలుసా?"

తెలుసు. రిటైరయ్యాక వకీళ్ళను అడిగి తెలుసుకున్నవాటిలో అదొకటి. నా చార్టుల సంగతి ఎవరూ అడగరులే అని మనసులో ఒక మూల పడేసి ఉంచిన విషయం కూడా అదే. నస్రీన్‌ను బయటపడేసే మాట ఒక్కటే ఉంది, ఆ మాట నాకు ఉరితాడు. పక్కన నస్రీన్ దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటోంది. ఈమె గల్లీలో తలెత్తుకుని తిరగాలంటే నేను నోరు తెరవాలి. ఒక్క క్షణం, నిజంగానే, తెరవబుద్ధి కాలేదు.

"నెల జీతం మీద, ఉద్యోగంల భాగంగ గీస్తే, ముందుగల వేరే ఒప్పందం రాసుకోకపోతే, అది సంస్థదే" అన్నాను. "కని నస్రీన్‌కు మీరు నియామకం ఇచ్చిన్రా? జీతం ఇచ్చిన్రా? సెలవిచ్చిన్రా? పండుగ పూట మిఠాయి డబ్బా గూడ ఇయ్యలె. జీతగాళ్ళ లెక్కల రాయమంటే 'ఆమె మా మనిషి కాదు' అని మీరే నాతోని అన్నరు. ఇయ్యాల ఆమె గీత చూసి మా మనిషి అంటే ఎట్ల సార్? నేర్చుకున్నందుకు బొమ్మ మీదయితదా? గట్లయితే నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మకు నా ఉత్తరాలన్నీ రాసియ్యాలె."

వకీలు నోట్సు రాసుకోవడం ఆపేశాడు. "సార్, దీన్ని ఇక్కడితో వదిలేయడం మంచిది" అన్నాడు మెల్లగా.

సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు, టోపీ నస్రీన్‌దేనని తెలుగులో రాసి సంతకం పెట్టారు. ఆ అందమైన సంతకం మొదటిసారి ఒక మంచి పని చేసింది. నస్రీన్ ఆ కాగితాన్ని అక్కడే నాలుగుసార్లు చదువుకుంది. "టీచర్, గల్లీల అందర్ల ముందట చదివిస్త. గట్టిగ చదివిస్త" అంది.

అప్పుడు సెక్రటరీ గారు కలం మూత పెడుతూ నవ్వారు. ఆయన మందబుద్ధి అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నది తప్పు. తనకు లాభమున్న చోట ఆయన బుర్ర బాగానే పనిచేస్తుంది.

"టీచర్ గారూ, మీరు మాత్రం నెల జీతం మీదే పనిచేశారు కదా. క్లాసుల కోసమే గీశారు కదా. మీరే చెప్పారు, అలాంటివి సంస్థవని. మీ చార్టులన్నీ మీ ఇంట్లో ఉన్నాయని విన్నాను. పంపించేయండి."

వకీలు బల్ల వైపు చూశాడు. నేను నస్రీన్ వైపు చూడలేదు. "పంపిస్త సార్" అన్నాను.

మాట ఇచ్చాక

యాదగిరి అన్న నా పుస్తకం పేజీలు అప్పటికే కంపోజు చేసి ఉంచాడు. ఆపమంటే ఆయనకు అర్థం కాలేదు. "నువ్వు గీసినవి నీయి కాకుంట ఎట్లయితయ్ అక్కా? గిదేం చట్టం?" అని నా మీదే కోప్పడ్డాడు. "మంచి చట్టమే అన్నా. గదే నస్రీన్‌ను కాపాడింది" అన్నాను. అనడానికి అన్నాను గానీ ఇంటికొచ్చి చార్టులు సర్దుతుంటే ప్రాణం పోయినట్టే ఉంది. కొన్ని కాగితాల మీద నా కూతురు చిన్నప్పుడు గీసిన పిచ్చిగీతలు కూడా ఉన్నాయి. అవి చింపి ఉంచుకుందామనుకుని, వదిలేశాను. అన్నీ కట్టగట్టి ఆటోలో తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ముట్టినట్టు రసీదు అడిగాను. టైపిస్టు ఇచ్చాడు, పాపం, తలొంచుకుని.

కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు ఇదొక్కటి గట్టిగా చెబుతాను. చేరిన రోజే అడగండి. నేను గీసేది ఎవరిది అని. నవ్వుతారు, నవ్వనివ్వండి. పొగరు అంటారు, అననివ్వండి. రెండు వాక్యాలు రాయించుకోండి. నాకు ఈ జ్ఞానం రిటైరయ్యాక వచ్చింది, బట్టతలవాడికి దువ్వెన దొరికినట్టు.

నస్రీన్ పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆమె పేరు ఉర్దూలో, తెలుగులో. మొదటి పేజీలో ప్రతి చార్టూ ఎటునుంచి చదవాలో బాణం గుర్తు. ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ. "టీచర్, మీరు గూడ కొత్తయి గీయున్రి. కొత్తయి ఎవరయి? మీయే గదా" అని వచ్చినప్పుడల్లా పోరుతుంది. గీస్తున్నాను. చూపు మునుపటిలా లేదు, గళ్ళు అలుక్కుపోతాయి.

మొన్న సెక్రటరీ గారు ఫోన్ చేశారు. ఎంతో ప్రేమగా ఆరోగ్యం అడిగారు. తర్వాత అసలు విషయానికొచ్చారు. మేడం గారి రెండో పుస్తకానికి నా చార్టులు తీశారట. గళ్ళలో ఈ చుక్కలు, కొక్కేలు, చిన్న చిన్న తోకలు ఏమిటో కేంద్రంలో ఒక్కరికీ తెలియడం లేదట. అవి నేను నా సౌకర్యానికి పెట్టుకున్న గుర్తులు. ఈ కాగితాలు నా చేతిలోనే ఉంచుకుని క్లాసులో వరస వరసా నోటితో చెప్పేదాన్ని కాబట్టి వాటి మీద ఎక్కడా వివరం రాయలేదు.

"ఒక్కసారి వచ్చి చదివి పెట్టండి టీచర్ గారూ. మీవే కదా" అన్నారు.

"నాయి కావు సార్. మీయి" అన్నాను. "మీ సొత్తు మీరే చదువుకోండ్రి."

ఫోన్ పెట్టేసి కడుపుబ్బా నవ్వాను. నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. ఆ చార్టులు చదవగలిగిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే. వాటిని అచ్చేసుకునే హక్కు లేనిదాన్నీ నేనే.